నేలను బట్టి పక్క

నవంబరు 23

సంక్రాంతి సెలవుల్లో గండికోటకు పోదామని ఇంట్లో ఖాయమైంది. రూముల్లో వద్దు, టెంటులోనే పండుకోవాలని పిల్లల పట్టు. మేమిద్దరం, పెద్దది, చిన్నోడు, అత్తమ్మ, మొత్తం ఐదుగురం. ఫోన్లో చూస్తే ప్రతి టెంటు మీదా ‘ఇద్దరికి’, ‘నలుగురికి’ అని రాసి ఉంది. ఆ నలుగురు ఎట్లా పడతారో చూద్దామని హాల్లో నాపబండల మీద సుద్దముక్కతో 240 సెంటీమీటర్లు ఒక పక్క, 210 ఇంకో పక్క గీత గీశాం. తలా 60 సెంటీమీటర్లు వచ్చింది, అంటే రెండడుగులు. భుజం భుజం ఆనించుకుంటే నలుగురూ పట్టారు. సంచి పెట్టడానికి మాత్రం జాగా మిగల్లేదు. అత్తమ్మ గీత బయటే నిలబడి, "రాత్రి నేను లేయల్లంటే ఎవర్ని తొక్కుకుంటా పోవల్ల?" అంది. టెంటు మీద రాసిన అంకెలోంచి ఒకటి తీసేసి లెక్క వేసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే రెండు తీసేయాలి.

నవంబరు 25

ఐదుగురికీ కలిపి ఒకటే పెద్దదా, రెండు చిన్నవా? మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. రాయి, నేల సంగతులు ఆయనకు వదిలేశాను. "మన నేలమీద ఏడడుగుల చదును యాడైనా దొరుకుతుంది. పన్నెండడుగుల చదును కావల్లంటే ఎతకల్ల. పెద్దదానికి గాలి దెబ్బ కూడా ఎక్కువే" అన్నారు. రెండు చిన్నవే అనుకున్నాం. ఒకదాంట్లో అత్తమ్మ, నేను, చిన్నోడు. ఇంకోదాంట్లో తండ్రీ కూతుళ్ళు. ఒకదాని జిప్పు చెడినా, ఒకదాంట్లో నీళ్ళు దిగినా, ఆ రాత్రికి అందరూ దూరడానికి రెండోది ఉంటుంది.

నవంబరు 28

మేకుల సంగతి. బనగానపల్లె, బేతంచెర్ల చుట్టుపక్కల చాలాచోట్ల జానెడు మన్ను కింద సున్నపురాయి తగులుతుంది. అల్యూమినియం మేకును సుత్తితో కొడితే వంగుతుంది గానీ దిగదు. కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో మెత్తగా దిగుతుంది, వాన పడితే అంతే మెత్తగా ఊడి వస్తుంది. చెప్పులకు శేరు మన్ను అంటుకోవడం అదనం. గండికోట దగ్గర పెన్న కోసుకుంటూ పోయిన రాయి ఇంకా గట్టిది, క్వార్ట్‌జైట్. కాబట్టి మేకులు దిగితేనే నిలబడే రకం మాకు పనికిరాదు. వంగే కడ్డీలు రెండు అడ్డదిడ్డంగా కలిసి, మేకు లేకపోయినా నిలబడే గుమ్మటం రకం కావాలి.

దానికైనా గాలికి తాళ్ళు కట్టాల్సిందే. ఆయన ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో చేసి చూపించారు. పొడుగాటి చిన్న రాయికి తాడు చుట్టి నేలమీద అడ్డంగా పెట్టాలి. దానికీ టెంటుకూ మధ్య, తాడు మీద, ఒక పెద్ద బండ ఎక్కించాలి. గాలి లాగేకొద్దీ చిన్న రాయి పోయి పెద్ద బండకు తన్నుకొని బిగుస్తుంది. మేకు కంటే గట్టి పట్టు. ముక్క బండలకు మా ఊళ్ళో కరువు లేదు.

డిసెంబరు 1

యాగంటి వైపు పని ఉంటే, అటునుంచి జ్వాలాపురం దాకా పోయి వచ్చాం. జుర్రేరు లోయ. ఇక్కడి మట్టి పొరల్లో 74,000 ఏళ్ళ కింద సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద ఉంది. ఆ బూడిదకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు బయటపడ్డాయి. ఆ తవ్వకాల సంగతి 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాక మా బనగానపల్లె మండలంలోని ఈ పల్లె పేరు ప్రపంచానికి తెలిసింది. ఇదే లోయలో ఒక బండ చూరు కింద, 35,000 ఏళ్ళ నాటి నుంచి సన్న రాతి పెచ్చులతో పనిముట్లు చేసుకున్నవాళ్ళ ఆనవాళ్ళు దొరికాయి. బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహల్ని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వి చూశారు. అక్కడా పాతకాలపు బసలే.

వాన పడని చూరు, అందేంత దూరంలో నీళ్ళు, వెన్ను ఆనడానికి చదును నేల. ఈ మూడూ చూసుకొనే అప్పటివాళ్ళు దిగి ఉంటారు. టెంటు వేసేవాళ్ళు చూసుకోవాల్సినవీ అవే.

"వాళ్ళకు దోమలు కుట్టేవి కాదా మా?" అంది పెద్దది.

"పొగ పెట్టుకొని ఉంటార్లే" అన్నారు ఆయన.

డిసెంబరు 4

స్లీపింగ్ బ్యాగుల లెక్క. ఒక్కోదాని మీద 10 డిగ్రీలు, 0, మైనస్ 5 అని ఉంటుంది. ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం కొలిచిన సంచి అయితే అందులో కంఫర్ట్, లిమిట్ అనే అంకెలు ఉండాలి. కంఫర్ట్ అంటే ఆ చలిలో సుఖంగా నిద్ర పట్టేది. లిమిట్ అంటే ముడుచుకొని ఎట్లాగో రాత్రి గడిపేది. అమ్మేవాళ్ళు పెద్ద అక్షరాలతో వేసేది తరచుగా రెండోదాన్నే. కొనేవాళ్ళు చూడాల్సింది మొదటిదాన్ని.

అయితే సంక్రాంతి రోజుల తెల్లవారుజామున మా వైపు చలి 15 డిగ్రీలకు అటూ ఇటూ. మైనస్ సంచిలో దూరితే అర్ధరాత్రికి చెమట పట్టి, జిప్పు తీసి, ఆ చెమట మీద గాలి తగిలి వణకాల్సి వస్తుంది. లడాఖ్ కోసం కుట్టిన సంచి గండికోటకెందుకు? అత్తమ్మ పాత నూలు చీరలు పొరలు పొరలుగా పెట్టి కుట్టిన బొంతలు ఇంట్లో నాలుగున్నాయి. పైన ఒక ఉన్ని దుప్పటి చాలు. వీపున మోసేవాళ్ళకు బరువు లెక్క గానీ, కారు డిక్కీలో వేసుకొని పోయేవాళ్ళకు బొంత బరువేం కాదు.

డిసెంబరు 6

ఊరి బయట చేన్లో గొర్రెల మంద దించారు. ఎరువు కోసం రైతు మంద పెట్టించుకున్నాడు. కాపరి రాత్రంతా మంద పక్కనే, గొంగడి కప్పుకొని. టెంట్ల సంగతి చెబితే నవ్వాడు. "గుడారంలో దూరితే గొర్రెల్ని ఎవురు సూస్తారక్కా? నాకు సెవులు బయటుండల్ల" అన్నాడు. గొంగడి చేత్తో పట్టి చూపించాడు. బిగువుగా నేసిన నల్ల ఉన్ని. సన్న జల్లు పడితే నీళ్ళు పైనే జారిపోతాయి. తడిసినా నూలు దుప్పటిలాగా చల్లబడిపోదు. "ఇప్పుడు పెంచేదంతా నెల్లూరు గొర్రె. దానికి ఉన్ని యాడిది? ఇది మా నాయన కాలంది" అన్నాడు. ఉన్ని ఇచ్చేది దక్కని గొర్రె. అది తగ్గేకొద్దీ గొంగడి కూడా కరువైంది.

డిసెంబరు 9

ఈ లెక్కల్లో అసలు సంగతి ఇది. చలి పైనుంచి కంటే కిందినుంచే ఎక్కువ తగులుతుంది. ఒంటి కింద బొంత ఎంత మందంగా ఉన్నా బరువుకు అణిగిపోతుంది. అణిగితే అందులో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం ఆగదు. మన్ను కంటే బండ వేడిని తొందరగా లాగేస్తుంది. ఒంటి కింద అణగనిది ఏదో ఒకటి ఉండాలి.

గాలి పరుపు మెత్తనే గానీ మా వైపు నిండా సర్కారు తుమ్మ, పల్లేరు కాయలు. ఒక్క ముల్లు దిగితే అంతే సంగతులు. పైగా లోపల ఏ నింపుడూ లేని గాలి పరుపులో గాలి అటూ ఇటూ తిరిగి నేల చల్లదనాన్నే పైకి తెస్తుంది. బుడగలు ఒకదానికొకటి కలవకుండా మూసుకుపోయి ఉండే ఫోమ్ షీటు, సెంటీమీటరు మందానిది, ముల్లు దిగినా పనిచేస్తుంది. పరుపులకు చలిని ఆపే శక్తి చెప్పడానికి ఆర్-విలువ అని ఒక అంకె ఉంటుంది. మన చలికి 2 ఉంటే చాలు. హిమాలయ మంచు మీదికి పోయేవాళ్ళు 5 చూసుకుంటారు.

అత్తమ్మకు మోకాళ్ళు. నేలమీద నుంచి లేయలేదు. ఆమెకు మడత మంచం. దాని కాళ్ళు టెంటు అడుగును చించకుండా నాలుగు రబ్బరు బూట్లు తొడగాలి. మంచం కింద గాలి ఆడి వీపుకు చల్లగా తగులుతుంది గనుక దాని మీదా ఫోమ్ వేయాల్సిందే.

డిసెంబరు 12

"పురుగూ పుట్రా సంగతేంది?" అత్తమ్మ అడిగింది. ఈ వయసులో ఆమె అడిగే ప్రశ్నలే మా జాబితాను దిద్దుతున్నాయి.

కట్లపాము రాత్రి తిరిగేది. నేలమీద నిద్రపోయేవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి గానీ వాపు గానీ పెద్దగా ఉండదు. మనిషి కడుపునొప్పితో లేస్తాడు, కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి అందదు. నేపాల్ తెరాయి పల్లెల్లో పరిశోధించినవాళ్ళు, దోమతెర కట్టుకొని పండుకునేవాళ్ళకు పాముకాటు ప్రమాదం తగ్గుతుందని చూపించారు. ఆ లెక్కన అడుగు గుడ్డ, గోడ ఒకటిగా కుట్టి ఉన్న టెంటు దోమతెర కంటే ఒక మెట్టు పైన. జిప్పు పూర్తిగా మూసి ఉంటేనే సుమా. గోరంత సందు వదిలితే కొనీ దండగే.

పెట్టుకున్న నియమాలు: చెప్పులు టెంటు లోపలే. పొద్దున విదిలించి తొడుక్కోవాలి, తేళ్ళ కోసం. టార్చి లేకుండా అడుగు బయట పెట్టకూడదు. కాటు అనుమానం వస్తే కోసేది, కట్టేది, మంత్రించేది ఏదీ లేదు. 108కి ఫోన్ చేసి, మనిషిని కదలనీయకుండా పెద్దాసుపత్రికి చేర్చాలి.

డిసెంబరు 15

హైదరాబాదులో ఉండే తమ్ముడు తన టెంటు పంపాడు. మిద్దె మీద వేసి పిల్లలు పండుకున్నారు. తెల్లారి చూస్తే లోపలి గుడ్డ తడి. "మంచు కారింది" అన్నాడు చిన్నోడు. మంచు కాదు, వాళ్ళ ఊపిరే. ఒక్కో మనిషి రాత్రంతా ఊపిరితో, ఒంటితో వదిలే తేమ పావు లీటరు దాకా ఉంటుంది. నలుగురుంటే లీటరు నీళ్ళు. అవి పోవడానికి దారి లేకపోతే చల్లటి గుడ్డకు తగిలి దుప్పట్ల మీదికి కారుతాయి.

అందుకే రెండు పొరలది కావాలి. లోపల సన్న జాలీ, పైన వానను ఆపే గుడ్డ, రెంటికీ మధ్య బెత్తెడు ఖాళీ. చలి వేస్తుందని గాలి రంధ్రాలు మూసేస్తే తడుస్తాం, తడిస్తే ఇంకా చలి. మర్నాడు రాత్రి రెండు వైపులా పై గుడ్డ కొంచెం ఎత్తి కట్టాం. తడి లేదు.

డిసెంబరు 18

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ మళ్ళీ తీశాను. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పోయిన దారి కడప దాటి మన అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగానే. ఏ ఊళ్ళో దిగడానికి వసతి ఉంది, నీళ్ళు ఎట్లాంటివి, సరుకులు దొరుకుతాయా లేదా, ఇవన్నీ రోజువారీగా రాసుకుంటూ పోయాడు. వెనక వచ్చేవాళ్ళకు పనికొస్తుందని.

ఆయనకు ముందు, దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చిన 1800 నుంచి 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఏళ్ళ తరబడి డేరాల్లోనే ఉంటూ ఊరూరా శిస్తు లెక్క కట్టించాడు. గవర్నరు అయ్యాక మళ్ళీ ఈ జిల్లాలు చూడడానికి వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. అంత పెద్ద దొరను గాలీ వానా ఏమీ చేయలేకపోయాయి, నీళ్ళ నుంచి వచ్చే రోగం తీసుకుపోయింది. మా జాబితాలో పరుపుల పక్కనే 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు చేర్చాను.

డిసెంబరు 21

"నల్లమల ఇంత దగ్గర పెట్టుకొని గండికోటకెందుకు?" అని పక్కింటి వదిన. నల్లమలలో ఎక్కడ పడితే అక్కడ టెంటు వేయకూడదు. అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. అడవిలో రాత్రి ఉండాలంటే బైర్లూటి, పచ్చర్ల లాంటి అటవీశాఖ వాళ్ళ క్యాంపుల్లో, వాళ్ళు చూపించిన చోటే ఉండాలి.

ఉగాదికి శ్రీశైలం పోయే కన్నడ భక్తులది వేరే లెక్క. ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా వేలమంది నడుస్తారు. అట్లాంటి పండుగ రోజుల్లోనే దారి తెరుస్తారు. వాళ్ళ దగ్గర టెంటు ఉండదు. ఒక దుప్పటి, గుడ్డలో మూట కట్టిన జొన్న రొట్టెలు. మార్చి నెల, పొడి నేల, పక్కన వందమంది మనుషులు, దారి పొడవునా నీళ్ళు పోసేవాళ్ళు. ఆ నాలుగూ ఉన్నచోట దుప్పటే చాలు. ఐదుగురు ఒంటరిగా దిగేచోట చాలదు.

డిసెంబరు 26

బజారులో టార్పాలిన్ల కొట్టు. టెంటు కింద పరచడానికి నీలం పట్ట కోసం. "పెద్దది తీసుకోమ్మా, అన్ని పక్కలా మూరెడు మిగిలితే మంచిది" అన్నాడు కొట్టాయన. వడ్లు ఆరబోయడానికి అది సరే. టెంటు కింద మాత్రం పట్ట టెంటు కంటే నాలుగు పక్కలా బెత్తెడు చిన్నదిగా ఉండాలి. బయటికి వస్తే దానిమీద పడ్డ వాన నేరుగా మన కిందికే చేరుతుంది. చెప్పి కోయించుకున్నాను.

టెంటు గుడ్డ మీద 1500, 2000, 3000 అని మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. అంత ఎత్తున నీటిని నిలబెట్టినా గుడ్డ కారదని అర్థం. పై గుడ్డకు 1500 ఉన్నా మామూలు వానకు సరిపోతుంది. అడుగు గుడ్డకు ఇంకా ఎక్కువ కావాలి, మోకాలు ఆనించినచోట ఒత్తిడికి కింది తడి ఊరుతుంది. అంకె కంటే ముందు కుట్ల మీద టేపు వేశారో లేదో చూడాలి. వాన మొదట దూరేది సూది బెజ్జాల్లోంచే.

డిసెంబరు 29

మామిడి తోటకు పోయాం. పూత ఇంకా రాలేదు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ కాపలా మనుషుల పక్క మాత్రం మారలేదు. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు కింద నులక మంచం, నాలుగు కర్రలకు దోమతెర. నంద్యాల వైపు ఎండ 43, 44 డిగ్రీలకు పోయే ఆ రోజుల్లో పాలిస్టర్ టెంటులో పొద్దున ఏడు దాటితే ఉండలేం. నులక సందుల్లోంచి కిందినుంచి కూడా గాలి వస్తుంది. జనవరిలో వద్దనుకున్నదే మేలో కావాల్సింది. వేసవి సెలవులకు టెంటు వద్దని పిల్లలకు ఇప్పుడే చెప్పేశాను.

జనవరి 4

కుంపటి పెట్టుకుందామని ఒక మాట వచ్చింది. టెంటు లోపల కుంపటి, స్టవ్వు, దోమల చుట్ట ఏదీ లేదు. పాలిస్టర్ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్ళకు తెలియకుండానే ప్రాణం తీస్తుంది. వంట బయట, గాలి వాలుకు, టెంట్లకు పది అడుగుల అవతల.

జనవరి 9

కొనాలా, అద్దెకు తీసుకోవాలా? గండికోట దగ్గర టెంట్లు అద్దెకిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది గనుక లోపల వేయకూడదు, బయట వాళ్ళు చూపించే జాగాల్లోనే. ఏడాదికి ఒక్కసారి వాడేదానికి వేలు పోయడం ఆయనకు ఇష్టం లేదు. తమ్ముడి టెంటు ఒకటి, అద్దెది ఒకటి అని తేల్చాం. అద్దె టెంటు పగలే వేయించి చూసుకోవాలి: జిప్పులు రెండు వైపులా నడుస్తున్నాయా, జాలీకి చిల్లులున్నాయా, అడుగున అతుకులున్నాయా. వాళ్ళిచ్చే పరుపులు, దుప్పట్లు ఎన్ని ఒళ్ళు చూశాయో. పక్క మాత్రం మనదే.

కనుమ

ఈరోజు అహోబిలంలో పారువేట మొదలు. నరసింహస్వామి పల్లకిలో కొండ దిగి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి పిలవడానికి ఆళ్ళగడ్డ చుట్టూ ముప్పైకి పైగా పల్లెలు 40 రోజుల పైన తిరుగుతాడు. ఏ పల్లెలో ఏ రాత్రి బసో తరతరాలుగా ఖాయం. "స్వామే ఇల్లు వదిలి నెలపైన తిరుగుతాడు, నేను ఒక్క రాత్రి పండుకోలేనా?" అని అత్తమ్మ తన బొంత తనే చుట్టి పెట్టుకుంది.

జనవరి 18, గండికోట

లోయ అంచుకు బాగా దూరంగా, కొంచెం ఎత్తైన చోట దిగాం. పల్లంలో చల్లగాలి నిలుస్తుంది, వాన వస్తే నీళ్ళూ అక్కడికే. తలుపులు గాలికి ఎదురు లేకుండా తిప్పి వేశాం. మేకులు సగం దిగలేదు, ముక్క బండల పద్ధతే పనికొచ్చింది. చీకటి పడ్డాక లోయలోంచి గాలి లేచి పక్కవాళ్ళ టెంటు ఒకటి దొర్లింది. మావి నిలబడ్డాయి. రెండు దుప్పట్లు విప్పనే లేదు. ఐదు ఫోమ్ షీట్లలో ఒక్కటీ మిగల్లేదు. అందరికంటే బాగా నిద్రపోయింది అత్తమ్మే.

జనవరి 20

రాబోయే సెలవులకు ఎవరైనా అడిగితే చెప్పడానికి రాసి పెడుతున్నాను. రాయలసీమలో కుటుంబంతో బయట పండుకునేవాళ్ళు డబ్బు పెట్టాల్సిన వరస ఇది: ముందు ఒంటి కింద ఫోమ్ షీటు, తర్వాత అడుగుతో కలిపి కుట్టిన జాలీ, ఆ తర్వాత వానను ఆపే పై గుడ్డ, చివరికి కప్పుకునేది. కప్పుకునేది మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. మొదటిసారి టెంటు అద్దెకు తీసుకోండి, పక్క ఇంటినుంచే పట్టుకుపోండి. కొనే ముందు ఒక రాత్రి మిద్దె మీద వేసి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను అందులోకి పోయి లేచి బయటికి రమ్మనండి. వాళ్ళకు కుదిరిందే కొనండి.